పండగ గుళ్లో కుక్కకేం వినిపిస్తుంది?

కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యం ఇంటికి చేరాక కృష్ణా డెల్టా పల్లెల్లోని సీఎస్ఐ గుళ్లు కోత పండుగకు ముస్తాబవుతాయి. గుమ్మానికి వరి కంకుల కుచ్చులు వేలాడతాయి. బలిపీఠం ముందు కానుకలు కుప్ప పడతాయి: కొత్త బియ్యం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, తట్టలో గుడ్లు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు, ఒక్కోసారి స్తంభానికి కట్టిన మేకపిల్ల. ఆరాధన అయ్యాక వీటినన్నిటినీ వేలం వేస్తారు. ఇంటి కోడిని తామే పాడుకుని మళ్లీ ఇంటికి తీసుకెళ్లేవాళ్లూ ఉంటారు.

ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టుకుని ఇలాంటి పండగకు బయల్దేరితే, పెంచిన కుక్క ఇంట్లో ఉండమంటే ఉండదు. పిల్లల వెనకే వచ్చేస్తుంది. దివిసీమలోనైనా, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలోనైనా ఆరాధన జరిగినంతసేపూ గుడి తలుపులు బార్లా తెరిచే ఉంటాయి కాబట్టి దాన్ని ఆపేదీ ఉండదు. కాసేపు గుమ్మం దగ్గర పడుకుంటుంది. అంతలోనే లేచి కానుకల కుప్ప దాకా వెళ్లి వాసన చూస్తుంది. మైకు కీచుమనగానే ఉలిక్కిపడుతుంది. కీర్తన రెండో చరణానికి వచ్చేసరికి మోర పైకెత్తి గొంతు కలుపుతుంది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఒక పెద్దాయన కర్ర అందుకుని లేస్తాడు.

ఆ కర్ర లేవకూడదన్నదే నా తాపత్రయం. ఆ కుక్క అల్లరి చేయలేదు. దాని ముక్కు, దాని చెవి, వేల ఏళ్లుగా మనిషితో దానికున్న పొత్తు ఏం చేయమన్నాయో అదే చేసింది. మనం కూర్చున్న గుళ్లోనే అదీ ఉంది గానీ, దానికి అందే గుడి వేరు. ఆ గుడి ఎలా ఉంటుందో చెప్పే పరిశోధనలు గత కొన్ని దశాబ్దాల్లో చాలానే వచ్చాయి.

అసలు ఈ సీఎస్ఐ గుళ్లకు మూలమైన ఆంగ్లికన్ గుడికి కుక్క కొత్తేమీ కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో జనం కుక్కల్ని వెంటబెట్టుకునే ఆరాధనకు వెళ్లేవారు. 1636లో నార్విచ్ బిషప్పు మాథ్యూ రెన్ ప్రభువు బల్ల ముందు సుమారు గజం ఎత్తున కటకటాలు పెట్టించాలని, కుక్క దూరలేనంత దగ్గరగా వాటి కమ్మీలు ఉండాలని ఆజ్ఞ జారీ చేశాడు. చాలా గుళ్లలో కుక్కల్ని తరిమే మనిషికి జీతమిచ్చేవారు. వేల్స్‌లో అయితే దూరం నుంచే కుక్క మెడ పట్టి బయటికి లాగే పొడవాటి పటకార్లు వాడేవారు. క్లున్నోగ్ వౌర్ అనే ఊరి గుళ్లో 1815 నాటి పటకారు ఇప్పటికీ ఉంది. ఆంగ్లికన్ గుళ్లలోనే కాదు, 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు ఎమాన్యుయెల్ డి విట్టె గీసిన గుడి చిత్రాల్లోనూ స్తంభాల మధ్య కుక్కలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆ శతాబ్దంలోనే డచ్చి వర్తకులు బందరులో వ్యాపారం సాగించారు.

బందరులో తెలుగువాళ్ల ఆంగ్లికన్ సంఘానికి పునాది 1841లో పడింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ వచ్చింది ఆ ఏడే. 1843లో నోబుల్ పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1912 డిసెంబరులో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. పల్లె సంఘాల పాటలకు, పండగలకు ఆరాధనలో చోటివ్వాలని పట్టుబట్టిన మనిషి ఆయన. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు దోర్నకల్ ఆంగ్లికన్లు అందులో కలిశారు. ఈ ఆంగ్లికన్ ఆరాధన క్రమంలోనే కుక్క ప్రస్తావన ఒకటి దాగి ఉంది. సంస్కారం పుచ్చుకునే ముందు, ప్రభువు బల్ల కింద రాలిన ముక్కలకైనా తాము తగినవాళ్లం కాదని ఒప్పుకునే ప్రార్థన ఉంది కదా. 16వ శతాబ్దంలో థామస్ క్రాన్మర్ కూర్చిన ఆ ప్రార్థనకు మూలం, మత్తయి, మార్కు సువార్తల్లో కూతురి కోసం బతిమాలుకున్న ఒక తల్లి మాట. ఆమె ఆ మాట చెప్పింది బల్ల కింద తిరిగే కుక్కపిల్లల్ని చూపించే.

ఇక ముక్కు సంగతి. కానుకల కుప్ప దగ్గర కుక్క వాసన చూస్తున్నప్పుడు ఒక్కసారి వంగి దగ్గరగా గమనించండి. అది మామూలుగా ఊపిరి పీల్చడం లేదు. సెకనుకు ఐదుసార్ల దాకా చిన్నచిన్నగా ఎగపీలుస్తుంది. బస్తా కిందుగా సిమెంటు నేల మీద తవుడు పొడి రాలి ఉంటే ఒక వింత కనిపిస్తుంది. పొడి ముక్కుకు ఎదురుగా చెదరదు, రెండు పక్కలా వెనక్కి లేస్తుంది. కుక్క ముక్కుపుటాలకు పక్కన చీలికలు ఉంటాయి. వదిలే గాలి వాటిలోంచి పక్కలకు, వెనక్కి పోతుంది. దానివల్ల ఎదుటి వాసన చెదిరిపోదు. పైపెచ్చు ఆ గాలి విసురుకు నేల మీది కొత్త వాసన ముక్కు వైపు లాగబడుతుంది.

లోపలికి వెళ్లిన గాలి రెండు దారులు పడుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోతుంది. సుమారు ఎనిమిదో వంతు మాత్రం ముక్కు వెనకభాగంలో ప్రత్యేకంగా ఉన్న వాసన అరలోకి వెళ్లి కాసేపు నిలుస్తుంది. అక్కడ మెలికలు తిరిగిన పలచటి ఎముక రేకుల మీద వాసన పట్టే పొర పరుచుకుని ఉంటుంది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు అరకోటికి కాస్త అటూ ఇటూ ఉంటే, కుక్క ముక్కులో జాతిని బట్టి పది కోట్ల నుంచి ముప్ఫై కోట్ల దాకా ఉంటాయని అంచనా. అందుకే మనకు ‘కొత్త బియ్యం వాసన’ ఒక్కటే తగిలే చోట దానికి బస్తా గోనె, బస్తా మోసుకొచ్చిన మనిషి చెమట, ఆ మనిషి ఇంట్లోని పిల్లి, కొట్టులో తిరిగిన ఎలుక వేర్వేరుగా అందుతాయి. కోడి కాళ్ల తాడు దగ్గర అది అంతసేపు నిలబడిందంటే కోడి మీద ఆశతోనే అనుకోనక్కర్లేదు. చదవాల్సింది అక్కడ చాలా ఉంది.

కానుకల కంటే పెద్ద విందు దానికి మనుషుల దగ్గరే దొరుకుతుంది. ఇటలీలోని నేపుల్స్‌లో బియాజియో డానియెల్లో బృందం 2018లో ఒక ప్రయోగం ప్రచురించింది. కొందరికి భయపెట్టే దృశ్యాలు, మరికొందరికి సంతోషపెట్టే దృశ్యాలు చూపించి వాళ్ల చంకల్లోని చెమటను సేకరించారు. ఆ వాసనల్ని కుక్కలకు పీల్చనిచ్చారు. సంతోషపు చెమట పీల్చిన కుక్కలు కొత్త మనిషి దగ్గరికి చొరవగా వెళ్లాయి. భయపు చెమట పీల్చినవి కంగారుపడి యజమాని చాటుకు చేరాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ఇంకో మెట్టు ఎక్కారు. మనిషి ఒత్తిడిలో లేనప్పుడు తీసిన చెమట, శ్వాసల వాసనను, అదే మనిషి కష్టమైన లెక్క చేసి ఒత్తిడికి గురయ్యాక తీసిన వాసనను పక్కపక్కన పెడితే, శిక్షణ పొందిన నాలుగు కుక్కలు 93.75 శాతం సార్లు తేడా కనిపెట్టాయి.

పండగపూట గుడి నిండా రెండు మూడు వందల మంది ఉక్కపోతలో పక్కపక్కనే కూర్చుంటారు. అందరి ఒంటి నుంచీ సంబరం వాసనే. అలాంటి చోట కుక్క తోకాడిస్తూ వరస వరసా తిరిగి, ఎరగని మనుషుల చేతులు కూడా నాకిందంటే ఆ ఉత్సాహం దానికి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

చెవి కథ ఇంతకంటే చిక్కు. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని బళ్లో చదువుకున్నాం. హెన్రీ హెఫ్నర్ 1983లో ప్రచురించిన కొలతల ప్రకారం కుక్క వినే పరిధి సుమారు 67 నుంచి 45,000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. అంటే డోలక్ అడుగు గమకం మనకే బాగా అందుతుంది. కీచు శబ్దాల్లో మనకు అందని అంతస్తు ఒకటి మొత్తంగా దానికే ఉంది.

ఆ అంతస్తులో ఏముంటుంది? తాళాలుంటాయి. అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బాయ్క్ వాయిద్యాల శబ్దశక్తి ఎంత ఎత్తుకు పోతుందో 1990లలో కొలిచాడు. పెద్ద కంచు తాళం మోతలో దాదాపు 40 శాతం శక్తి 20,000 హెర్ట్జ్‌కు పైనే ఉన్నట్టు తేలింది. తాళంచెవుల గుత్తి చప్పుడులో అది 68 శాతం! భజన తాళాల మీద విడిగా కొలతలు తీయకపోయినా అవీ కంచువే, కొట్టే తీరూ అదే. కాబట్టి ముందు వరసలో ఎవరైనా ఉత్సాహంగా తాళాలు వాయిస్తుంటే పక్కన ఉన్న కుక్క వినేది మనం వినే తాళం కాదు. దాని మీద ఇంకో తాళం ఎక్కి మోగుతున్నట్టు ఉంటుంది. గుడి తలుపు తీసే మనిషి తాళంచెవుల గుత్తి ఆడించినా కుక్క చెవులు నిక్కబొడుచుకునేది ఇందుకే.

మైకు కీచుమనడం వేరే బాధ. స్పీకరు బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి, మరింత పెద్దదై బాక్సులోంచి వచ్చి, మళ్లీ మైకులోకి పోయి గుండ్రంగా తిరగడం వల్ల ఆ కూత పుడుతుంది. సాధారణంగా అది కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనిషి చెవి బాగా పట్టేది అక్కడే. కుక్క చెవి మనకంటే మెరుగ్గా పట్టేదీ ఆ ప్రాంతం నుంచే. చిన్న రేకుల గుళ్లో మనుషులే చెవులు మూసుకునే కూతకు కుక్క బెంచీ కింద దూరితే తప్పేముంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కీర్తనకు ఊళ ఎందుకు?

ఒక్కటి గమనించండి. ప్రసంగానికి ఏ కుక్కా ఊళ పెట్టదు. ప్రకటనలు చదివేటప్పుడూ పెట్టదు. పాట దగ్గరే పెడుతుంది, అందులోనూ సాగదీసిన చోట. కారణం తోడేలు దగ్గరుంది. తోడేలు ఊళ మూలస్వరం సుమారు 150 నుంచి 780 హెర్ట్జ్ మధ్య, సెకన్ల తరబడి సాగుతూ మెల్లగా ఎక్కి దిగుతుంది. పల్లవి చివర మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి పట్టి నిలిపే స్వరం ఆ పరిధిలోకే వస్తుంది. కీబోర్డు మీద నొక్కి పట్టిన మెట్టు, గంట కొట్టాక చాలాసేపు నిలిచే ఝంకారం కూడా అంతే. మాట అయితే ముక్కలు ముక్కలుగా తెగుతుంది. పాట తెగదు. ఊళ తోడేళ్లకు దూరాన ఉన్న తమ గుంపును పలకరించే పద్ధతి. ఒకటి ఎత్తుకుంటే మిగతావి అందుకుంటాయి. కుక్క ఆ అలవాటును పూర్తిగా వదులుకోలేదు. బుడాపెస్ట్‌లోని ఎత్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 68 జాతికుక్కలకు తోడేలు ఊళలు వినిపించి చూశారు. జన్యుపరంగా తోడేలుకు దగ్గరగా ఉన్న ప్రాచీన జాతులు, ముఖ్యంగా ఐదేళ్లు దాటినవి, ఎక్కువగా ఊళతో బదులిచ్చాయి. కొత్త జాతులు మొరగడానికే మొగ్గాయి. 2023లో వెలువడిన ఈ పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. ఊళ పెట్టిన ప్రాచీన జాతులు ఒత్తిడి లక్షణాలు కూడా ఎక్కువగా చూపించాయి. అంటే ఊళ ప్రతిసారీ సరదా కాదు, అలాగని ఏడుపూ కాదు. దానికి వినిపించిన పిలుపుకు అది ఇచ్చే జవాబు.

ఇక్కడ మనవాళ్ల నమ్మకం ఒకటి అడ్డొస్తుంది. కుక్క ఏడిస్తే చావు కబురు వస్తుందంటారు. పండగపూట గుమ్మంలో కుక్క ఊళ పెడితే కొందరు పెద్దవాళ్లు నిజంగానే బెదిరిపోతారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. తెల్లవారుజామున హిందువుల గుళ్లో సుప్రభాతం మైకు పెట్టినప్పుడూ, మసీదులో అజాన్ పలికినప్పుడూ, రోడ్డు మీద 108 అంబులెన్సు సైరను మోగినప్పుడూ ఇదే కుక్క ఇలాగే ఊళ పెడుతుంది. సాగే స్వరం ఎక్కడ వినిపిస్తే అక్కడ గొంతు కలుపుతుంది. చావుకూ దానికీ సంబంధం లేదు.

పాట అయ్యాక ప్రసంగం మొదలవుతుంది. కుక్క వాక్యార్థం పట్టుకోలేదు కానీ గొంతులోని ఆప్యాయత, కోపం పట్టుకుంటుంది. 2014లో అటిలా ఆండిక్స్ బృందం బుడాపెస్ట్‌లో 11 కుక్కలకు ఎమ్మారై యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి, శబ్దాలు వినిపించి మెదళ్లు చూసింది. గొంతుల్ని పట్టే భాగం మనిషి మెదడులో ఉన్నట్టే కుక్క మెదడులోనూ ఉందనీ, గొంతులోని భావానికి రెండూ ఒకే తీరులో స్పందిస్తాయనీ తేలింది. అయ్యగారు తగ్గుస్వరంలో ఓదార్పు మాటలు చెబుతుంటే గుమ్మం దగ్గర కుక్క తల పాదాల మీద వాల్చడం, గద్దించినప్పుడు తల ఎత్తడం కాకతాళీయం కాకపోవచ్చు.

మధ్యలో అది ఆవులిస్తే నిద్రొస్తోందని అనుకుంటాం. ఎప్పుడూ అంతే కాదు. మనుషుల ఆవులింత కుక్కలకు అంటుకుంటుందని 2008లో లండన్ పరిశోధకులు చూపించారు. కొత్త మనిషి ఎదురుగా ఆవులిస్తే 29 కుక్కల్లో 21 ఆవులించాయి. అయితే ఇరుకులో పడ్డ కుక్క, గందరగోళం భరించలేని కుక్క కూడా ఆవులిస్తుంది. ఆవులింతతో పాటు పెదవులు నాక్కోవడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం కనిపిస్తే అది బయటికి తీసుకెళ్లమని అడుగుతున్నట్టే.

క్రిస్మస్ అర్ధరాత్రి ఆరాధన గురించి మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. కుక్కను తీసుకెళ్లకండి. ఆ రాత్రి గుడి బయట టపాసులు పేలతాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ప్రచురించిన సర్వేలో తమ కుక్క శబ్దాలకు భయపడుతుందని నేరుగా ఒప్పుకున్న యజమానులు నాలుగో వంతే. అదే వణుకుతుందా, దాక్కుంటుందా, మొరుగుతుందా అని ఒక్కో లక్షణం పేరు చెప్పి అడిగితే దాదాపు సగం మంది అవునన్నారు. కుక్క భయపడుతున్న సంగతి పెంచినవాళ్లకే తెలియడం లేదన్నమాట. టపాసుకు బెదిరిన కుక్క గుడి ఆవరణ దాటి రోడ్డెక్కి పరుగెడితే మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కోత పండుగ అలా కాదు. పగటి పూట, వెలుగులో, ఆవరణలో జరిగే పండగ. అక్కడ కుక్కకు చోటివ్వొచ్చు. అయితే ముందు రేబిస్ టీకా వేయించాలి. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గుడి నిండా పిల్లలుంటారు. ఎవరికైనా గాటు పడితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి. ఈ రెండు విషయాల్లో రాజీ వద్దు.

కుక్కను బాక్సులకు దూరంగా, గుమ్మం పక్కన, గాలి ఆడే చోట గొలుసుతో పట్టుకుని కూర్చోండి. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే ఏర్పాటు దానికి లేదు. ఎక్కువగా రొప్పడం ద్వారానే వేడి వదులుకుంటుంది కాబట్టి గిన్నెలో నీళ్లు ఉండాలి. ఆరాధన మొదలయ్యే ముందే కానుకల కుప్ప చుట్టూ ఓసారి తిప్పి, కోళ్లకు మూడడుగుల దూరంలో నిలబెట్టి, దానికి కావలసినంతసేపు వాసన చూడనివ్వండి. అది తీరాక చాలా కుక్కలు కుదురుగా పడుకుంటాయి. తాళాలు, పాట మొదలయ్యేసరికి ఆవరణలోకి తీసుకెళ్లి, ప్రసంగానికి మళ్లీ తీసుకురండి.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. ఎవరిదీ కాని వీధికుక్క గుమ్మంలోకి వస్తే కర్ర తీయకండి. కోల్‌కతా దగ్గరి ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం 2020లో ఏ శిక్షణా లేని వీధికుక్కల మీద ఒక పరిశోధన ప్రచురించింది. 160 కుక్కల్లో సగం బెదిరి దగ్గరికే రాలేదు. దగ్గరికి వచ్చినవాటిలో 80 శాతం దాకా కుక్కలు మనిషి వేలు చూపించిన వైపుకే వెళ్లాయి. బెదిరించకుండా ఆవరణ వైపు చేయి చూపించి, చెట్టు కింద రెండు ముద్దలు అన్నం పెట్టండి. వేలం పూర్తయ్యేదాకా అది అక్కడే ఉంటుంది.